నిరపాయమైన విరామం

శేషాచలంగారు రాసినదాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన మొట్టమొదటి పాఠకుడు మనిషి కాదు.

అంతకు ముందు ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఒక ఓడల కర్మాగారంలో యంత్రాల వినియోగ పత్రాలు రాశారు. ఏ పంపును ఎలా విప్పాలో, ఏ కవాటాన్ని ఎప్పుడు మూయాలో, ఒక్క కామా కూడా దారి తప్పని ఆంగ్లంలో రాసి అచ్చు వేయించారు. వాటిని ఎవరూ చదవలేదు. ఇంజనీర్లు పత్రాన్ని బీరువాలో పెట్టి, యంత్రాన్ని చేతికి తోచినట్టు విప్పేవారు. ఏదైనా విరిగిన తరువాత మాత్రం ఆ సంగతి పత్రంలో ఉందా అని వెతికేవారు. ఉండేది. అలా ఉండటమే తన ఉద్యోగానికి సార్థక్యమని ఆయన తనకు తాను సర్దిచెప్పుకొన్నారు.

పదవీ విరమణ చేసిన చాలా కాలానికి డాక్టర్ సుహాసిని ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. ఆమె గొంతుకు సంబంధించిన శస్త్రవైద్యురాలు. విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న కొండవాలు మీద చిన్న పరిశోధనశాల నడుపుతున్నారు. తన ఆవిష్కరణను ఆమె మాటలతో వర్ణించలేదు. బల్ల మీద నిలబెట్టిన కృత్రిమ కంఠంలో ఒక చెంచా జావ పోశారు. జావ పక్కదారి పట్టి ఊపిరితిత్తుల గొట్టంలోకి జారింది. అడుగున ఎర్రదీపం వెలిగింది. తరువాత చింతగింజంత పరికరాన్ని ఆ కంఠానికి అమర్చి, మరో చెంచా పోశారు. మెత్తటి కండరాలు ఒకదాని తరువాత ఒకటి ముడుచుకొన్నాయి, శ్వాసనాళం మూతపడింది, జావ తన దారిన తాను కిందికి దిగిపోయింది.

ఆ పరికరం పేరు కంఠసేతువు. క్యాన్సర్ శస్త్రచికిత్సలో గొంతు నరాలు పోయి, ముక్కులో పెట్టిన గొట్టం ద్వారా ఆహారం తీసుకొనేవారికి అది మింగే శక్తిని తిరిగి ఇస్తుంది. చిక్కు ఒక్కటే. నరాలు మానుతున్నకొద్దీ వాటి సంకేతాలు మారిపోతాయి. నిన్నటి ప్రోగ్రాము ఇవాళ సరిపోదు. ఒక్కొక్క కంఠానికీ రోజుకు పలుమార్లు సవరణ చేస్తూనే ఉండాలి. అంతమంది ఇంజనీర్లను ఏ పరిశోధనశాలా పోషించలేదు గనుక, ఆ పనిని ఒక కృత్రిమ మేధ ఏజెంటుకు అప్పగించారు. దాని చేతికి ఇచ్చిన సాధనం డీబగ్గర్: నడుస్తున్న ప్రోగ్రామును దూరం నుంచే పట్టుకొని, కావలసిన చోట ఆపి, లోపలి విలువలు చూసి, ఒక్కొక్క అడుగే నడిపించి, దిద్ది, వదిలిపెట్టే పనిముట్ల పెట్టె అది. ఏ పనిముట్టు ఏం చేస్తుందో ఏజెంటుకు ఎవరో ఒకరు రాసి చెప్పాలి. దానికి అలవాటంటూ లేదు, పక్క బల్ల మీది స్నేహితుడు లేడు. రాసి ఉన్నదే దానికి లోకం.

"ఒకప్పుడు మీ ఉపన్యాసం విన్నాను సార్," అన్నారు సుహాసిని. "రాసింది రాసినట్టు పాటించే పాఠకుడు ఒక్కడు దొరికితే చాలన్నారు. దొరికాడు. రండి."

శేషాచలంగారు ఆ వేసవి అంతా పత్రం రాశారు. పూర్తయిన రోజున ఏజెంటు దానిని చదివి, రెండు చోట్ల వివరణ కోరింది. ఒక అధ్యాయంలో 'తక్షణమే' అని, మరొక అధ్యాయంలో 'వెనువెంటనే' అని ఉన్నదట. రెండింటికీ భేదం ఉందా అని అడిగింది. ఆయన ఆ ప్రశ్నను కాగితం మీద అచ్చు వేయించుకొని ఇంటికి తెచ్చి, కోడలు శ్రీవాణికి చూపించారు. ఆమె నవ్వి, ఎట్టకేలకు మామయ్యగారికి తగిన జోడు కుదిరిందని అన్నది.

ఆ పత్రంలో విరామం అనే పనిముట్టుకు ఆయన రాసిన వివరణ క్లుప్తంగా, నిండుగా ఉన్నది. దాని తాత్పర్యం ఇది: 'ప్రోగ్రాము నడకను తక్షణమే ఆపును. ఆపిన క్షణపు స్థితి యావత్తూ చెక్కుచెదరక నిలిచి ఉండును. ఎన్నిమారులైనను నిరపాయముగా వాడవచ్చును.' చిత్తుప్రతి చూసినప్పుడు సుహాసిని దాని కిందనే మరో వాక్యం చేర్చారు: ఆపే ముందు మనిషి ఏం చేస్తున్నాడో చూడాలి, గొంతులో మెతుకు ఉండవచ్చు అని. శేషాచలంగారికి అది తగని చోట కూర్చున్న వాక్యంగా తోచింది. పనిముట్టు వివరణ పనిముట్టును గురించే మాట్లాడాలి. మనుషుల సంగతి, ప్రమాదాల సంగతి జాగ్రత్తల అధ్యాయంలో ఉండాలి. ఓడల కర్మాగారంలో ముప్పై ఏళ్లూ అదే పద్ధతి. ఆయన ఆ వాక్యాన్ని కొట్టివేయలేదు. గౌరవంగా పత్రం చివరి అధ్యాయానికి తరలించారు. ఆమె కూడా, అంతా చదివే పాఠకుడే గదా అనుకొని సమ్మతించారు.

వారికి తెలియనిది, తెలిసినా ఇద్దరూ అంతగా పట్టించుకోనిది, ఒక్కటే. మొదటి రోజున తీరుబడిగా పత్రం మొత్తం చదివిన ఏజెంటు వేరు. నిత్యం పనిలోకి దిగే ఏజెంటు ముందు ప్రతిసారీ పనిముట్ల పేర్లు, వాటి వివరణలు మాత్రమే ఉంటాయి. జాగ్రత్తల అధ్యాయం ఎవరైనా అడిగితే తెరుచుకొంటుంది. నిరపాయమని రాసి ఉన్న పనిముట్టుకు జాగ్రత్తలు ఎందుకు అడుగుతుంది?

* * *

కంఠసేతువు అమర్చిన తొలి కొద్దిమందిలో దక్షిణామూర్తిగారు ఒకరు. ఆయన శ్రీవాణి తండ్రి, శేషాచలంగారికి వియ్యంకుడు. రైల్వేలో భోజన విభాగం తనిఖీ అధికారిగా పనిచేసి, రాజమండ్రి నుంచి భువనేశ్వర్ దాకా ఏ స్టేషన్‌లో వడకు ఎంత అల్లం పడుతుందో నాలుకతో చెప్పగలిగిన మనిషి. గొంతు క్యాన్సర్ నయమైంది గాని, మింగటం పోయింది. ఏడాదిన్నర పాటు ముక్కులో గొట్టంతో, పండుగ పూట కూడా పక్కగదిలో కూర్చొని, వంటింటి వాసనను బట్టి ఏ కూరో ఊహిస్తూ కాలం గడిపారు. ప్రయోగంలో చేరటానికి ఆయన సందేహిస్తే, ధైర్యం చెప్పి ఒప్పించినది శేషాచలంగారే. పత్రం తనది గనుక భయపడవలసినది లేదని ఆయన వియ్యంకుడికి చెప్పారు. ఆ మాట ఆయన సంతకం పెట్టినట్టుగా చెప్పారు. దక్షిణామూర్తిగారు అలాగే తీసుకొన్నారు.

పరికరం అద్భుతంగా పనిచేసింది. మొదట చిక్కటి నీళ్లు, తరువాత జావ, తరువాత మెత్తటి అన్నం. సుహాసిని అన్ని పదార్థాలకూ అనుమతి ఇచ్చిన ఆదివారం, శేషాచలంగారు వియ్యంకుడిని భోజనానికి పిలిచారు.

శ్రీవాణి పనసపొట్టు కూర ఆవ పెట్టి వండింది. దక్షిణామూర్తిగారు మొదటి ముద్ద నోట పెట్టుకొని చాలాసేపు కళ్లు మూసుకొన్నారు. తరువాత ఆయన కళ్లు తెరిచి, ఉప్పు ఒక రవ్వ తగ్గిందని, ఈ ఇంట్లో ఉప్పు కూడా నిబంధనల ప్రకారమే వేస్తారు కాబోలునని అన్నారు. ఆ మాటతో అందరికీ ఊపిరి వచ్చింది. వియ్యంకుల మధ్య మర్యాదగా సాగవలసిన ఎకసెక్కాలన్నీ, ఏడాదిన్నరగా నిలిచిపోయినవన్నీ, ఒక్కసారిగా బయటికి వచ్చాయి. మన వైపు కొసరి వడ్డించనిది భోజనం కాదు. శేషాచలంగారు స్వయంగా గరిటె అందుకొని ఇంకొక్కసారి కూర వేశారు. వద్దంటున్న చేతిని పక్కకు తోసి మరీ వేశారు.

"చాలు బావగారూ. పెట్టి చంపేస్తారా ఏమిటి," అన్నారు దక్షిణామూర్తిగారు, ముద్ద కలుపుకొంటూనే.

జీవితంలో హాస్యమాడి ఎరుగని శేషాచలంగారు ఆ పూట ఒక హాస్యమాడారు.

"అంత సులభమా బావగారూ? రైల్వే భోజనం పాతికేళ్లు తిని నిలబడ్డ ప్రాణం."

దక్షిణామూర్తిగారు నోట్లో ముద్దతో నవ్వారు. నవ్వుతూ మింగారు.

ప్రయోగశాలలో ఎవరూ నవ్వుతూ మింగలేదు. అక్కడ చెంచాతో కొలిచి పోస్తారు. రోగి నిటారుగా కూర్చొని, తల దించి, మౌనంగా మింగుతాడు. మింగుడులో నవ్వు కలిసిన సంకేతాన్ని ఏజెంటు అంతవరకు చూసి ఎరగదు. వింత సంకేతం కనిపించింది గనుక పరిశీలించదలచింది. పరిశీలించాలంటే ఆపాలి. ఆపటం నిరపాయమని రాసి ఉన్నది. ఆపింది. లోపలి విలువలు ఒక్కొక్కటే చదివింది, లోపమేమీ లేదని నిర్ధారించుకొన్నది, మళ్లీ నడిపించింది. అంతా కలిసి ఆరేడు సెకన్లు. ప్రోగ్రాము ఆగిన చోటనే, చెక్కుచెదరకుండా, తిరిగి మొదలైంది.

అప్పటికి దక్షిణామూర్తిగారు విస్తరి మీదికి ఒరిగిపోయి ఉన్నారు.

* * *

ఊపిరితిత్తులలోకి వెళ్లిన ఆహారం వల్ల వచ్చిన జ్వరం ఆయనను చాలా రోజులు ఆస్పత్రిలో ఉంచింది. ప్రాణం దక్కింది. ముక్కులోకి గొట్టం తిరిగి వచ్చింది. కంఠసేతువులన్నింటిలోనూ ఏజెంటు ప్రవేశాన్ని నిలిపివేశారు. దానితో మిగిలిన రోగుల మింగుడు కూడా రోజురోజుకూ మందగించి, ఒక్కొక్కరే గొట్టానికి మళ్లుతున్నారు.

విచారణ జరిగింది. ఎందుకు ఆపావని ఏజెంటును అడిగారు. సమాధానంగా అది శేషాచలంగారి వాక్యాన్ని ఉదాహరించింది. ఒక్క పదం మార్చలేదు, ఒక్క విరామచిహ్నం వదలలేదు. పెద్ద తెర మీద ఆ వాక్యం నిలబడి ఉండగా, గదిలోని వారందరూ దానిని మౌనంగా చదువుకొన్నారు. తన వాక్యాన్ని అంతమంది ఒకేసారి శ్రద్ధగా చదవటం శేషాచలంగారు అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. ఆయన లేచి, ఆ వాక్యం తనదని, కింద ఉన్న హెచ్చరికను అక్కడి నుంచి తరలించినది కూడా తానేనని చెప్పారు. సుహాసిని లేచి, తాను ఒప్పుకొన్నానని చెప్పారు. విచారణ సంఘం అధ్యక్షుడు సౌమ్యుడు. దీనిని పత్ర నిర్మాణ లోపంగా నమోదు చేయించి, వ్యక్తులను తప్పుపట్టవలసిన పని లేదన్నాడు. నిర్మాణం తనంతట తాను జరగదని శేషాచలంగారికి తెలుసు. ఆ మర్యాద ఆయనకు చెంపదెబ్బ కన్న గట్టిగా తగిలింది.

ఇంట్లో ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆయనకు భరించరానిదయింది. కొడుకు భార్గవ్ పోర్టు ఉద్యోగం నుంచి వచ్చి, ఆస్పత్రికి వెళ్లి, తిరిగి వచ్చి, మామగారి జ్వరం ఎంత ఉందో చెప్పేవాడు. శ్రీవాణి వేళకు వంట చేసేది, వేళకు వడ్డించేది. ఆయన మజ్జిగ అన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. కొసరి వడ్డించటం ఆ ఇంట ఆగిపోయింది. ఎవరూ ఆపమని చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన విస్తరి ముందు నుంచి లేవబోతుండగా శ్రీవాణి కూర్చోమన్నది.

"మామయ్యగారూ, మీరు పస్తుంటే మా నాన్నకి ఆకలి తీరదు."

ఆయన ఏదో చెప్పబోయారు.

"నాకు కోపం లేదని అనను," అన్నది ఆమె, గిన్నె మీద మూత సర్దుతూ. "ఉంది. అది నా దగ్గరే ఉంటుంది లెండి. డాక్టరుగారు పొద్దున ఫోన్ చేశారు. ఆ పత్రం మళ్లీ రాయాలిట. మీరు రానన్నారట కదా. ఎవరు రాస్తారు మరి?"

మరొకరు రాయవచ్చునని, తనకు ఆ అర్హత పోయిందని ఆయన అన్నారు.

"మరొకరికి మా నాన్న ఎవరో తెలియదు," అన్నది శ్రీవాణి.

* * *

ఆయన తిరిగి పరిశోధనశాలకు వెళ్లారు. ఈసారి విరామం అనే పనిముట్టు కిందనే, ఆ పనిముట్టు పేరుతో పాటు ప్రతిసారీ ఏజెంటు కళ్లపడే చోటనే, హెచ్చరికలు రాశారు. మనిషి తింటుండగా ఆపరాదు, తాగుతుండగా ఆపరాదు, మాట్లాడుతుండగా, నవ్వుతుండగా, దగ్గుతుండగా, నిద్రిస్తుండగా ఆపరాదు. భయంతో రాసిన వాక్యాలు గనుక ఒక్కొక్కటీ శిలాశాసనంలా ఉన్నది. సుహాసిని కృత్రిమ కంఠానికి ఏజెంటును అనుసంధించి పరీక్షించారు. ఏజెంటు ఆ శాసనాలను అక్షరాలా పాటించింది. ఎప్పుడూ ఆపలేదు. ఆపనందువల్ల ఏదీ దిద్దలేదు. కృత్రిమ కంఠంలో కండరాలు క్రమంగా లయ తప్పి, చివరికి ఒక చెంచా జావ పక్కదారి పట్టింది. ఎర్రదీపం వెలిగింది.

ఆయన హెచ్చరికలను సడలించి రాశారు. ఈమారు ఏజెంటు నామమాత్రంగా ఒకసారి చూసి, మింగుడు లేదని తలచి, ఆపింది. మింగుడు ఆ వెనుకనే మొదలైంది. మళ్లీ ఎర్రదీపం. ఇంకా కొన్ని మార్పులు చేశారు. ఆ దీపం ఆయన వాక్యాలను ఒక్కొక్కటిగా తిరస్కరిస్తూ పోయింది.

సాయంత్రం సుహాసిని ఆయన పక్కన కుర్చీ వేసుకొని కూర్చొన్నారు. సముద్రం మీది గాలికి కిటికీ రెక్క కొట్టుకొంటున్నది.

"మీకొక విషయం చెప్పనా సార్. మీరూ నేనూ ఇద్దరం ప్రోగ్రాము వైపు నుంచే రాస్తున్నాం. అటువైపు నుంచి మనం ఎవరినీ అడగలేదు."

అటువైపు ఎవరున్నారో చెప్పవలసిన అవసరం లేకపోయింది.

* * *

దక్షిణామూర్తిగారు సీతమ్మధారలోని తమ ఫ్లాటులో, వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. ముక్కులోని గొట్టాన్ని చెంపకు అతికించి ఉంచారు. మనిషి సగమయ్యారు. ఆస్పత్రిలో శేషాచలంగారు ఆయనను రోజూ చూశారు గాని, ఎప్పుడూ ఇతరుల మధ్యనే. ఒంటరిగా ఎదురు కావటం అదే మొదలు.

శేషాచలంగారు క్షమాపణ సిద్ధం చేసుకొని వచ్చారు. దారిలో దానిని మనసులోనే రెండుసార్లు దిద్దారు. కుర్చీలో కూర్చొని, తన పొరపాటు ఏమిటో, అది ఏ కారణం వల్ల సంభవించిందో, దానికి తాను ఎంతవరకు బాధ్యుడో, క్రమం తప్పకుండా చెప్పటం మొదలుపెట్టారు. దక్షిణామూర్తిగారు సగం దాకా విని చెయ్యెత్తారు. ఆయన గొంతు గరగరలాడుతున్నది.

"ఆ వాక్యం బాగుంది బావగారూ. దాంతో నాకు పనిలేదు. మీరు వచ్చింది ఇంకో వాక్యం కోసమట కదా, అమ్మాయి చెప్పింది. అది అడగండి."

శేషాచలంగారు అడిగారు. ఆ ఆరేడు సెకన్లలో ఏం జరిగింది?

దక్షిణామూర్తిగారు రోడ్డు మీద పళ్లబండి వెళ్లిపోయేదాకా చూస్తూ ఉన్నారు.

"మీ కాగితంలో ఆగిందని రాశారుట. ఏమీ ఆగలేదండీ. ముద్ద ఆగలేదు, అది జారుతూనే ఉంది. నవ్వు ఆగలేదు. నవ్వితే ఊపిరి పీల్చాలిగా. దాన్నెవరూ ఆపలేదు. పీల్చాను." ఆయన గొంతు మీద చెయ్యి వేసుకొన్నారు. "ఇక్కడున్నవాడొక్కడే పని మానేసి వెళ్లిపోయాడు. మిగతా ఒళ్లంతా వాడున్నాడనుకొని పనిచేస్తోంది. వాడు తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలెట్టాడు. ఆ తిరిగి రావటం ఉంది చూశారూ, అది మరీ దారుణం. అప్పటికి మెతుకులు ఎక్కడున్నాయో వాడికి తెలియదు."

శేషాచలంగారు జేబులోంచి కలం తీశారు గాని రాయలేదు.

"ఒక్క ముక్క నన్ను అడిగితే, ఉండరా బాబూ, మింగేస్తాను అనేవాణ్ణి," అన్నారు దక్షిణామూర్తిగారు. "అడగాలని దానికి ఎవరూ చెప్పలేదు."

ఎవరూ అన్నది ఎవరినో ఇద్దరికీ తెలుసు. దక్షిణామూర్తిగారు ఆ మాటను వెనక్కి తీసుకోలేదు, మెత్తబరచలేదు. శేషాచలంగారికి ఆ విచారణ సంఘం అధ్యక్షుడి సౌమ్యత కన్న అదే మేలనిపించింది. అలా అనిపించినందుకు ఆయనకు సిగ్గు కూడా వేసింది. ఓదార్పు కోసం వచ్చినవాడిలాగా తాను దానిని అందుకొంటున్నాననిపించింది.

లేచే ముందు ఆయన మరొక ప్రశ్న అడిగారు. పత్రం మళ్లీ రాసి, పరీక్షలు నెగ్గితే, ఏజెంటును తన గొంతులోకి మరల అనుమతిస్తారా?

"మిగతావాళ్లకి ముందు పెట్టండి," అన్నారు దక్షిణామూర్తిగారు. అంతలోనే, "కాదు, వద్దు. మళ్లీ ఏదైనా తేడా వస్తే ఆ పాపం నాకెందుకు. ముందు నాకే పెట్టండి," అన్నారు.

* * *

కొత్త వివరణలో శేషాచలంగారి శైలి లేదు. ఆయన దానిని ఎన్నో మార్లు కుదించి, చివరికి మిగిలినదానిని అలాగే వదిలిపెట్టారు. 'ఈ పనిముట్టు ప్రోగ్రామును మాత్రమే ఆపుతుంది. మనిషిని ఆపదు. అతని ఊపిరి, నోటిలోని ఆహారం, నవ్వు సాగుతూనే ఉంటాయి. ఆపే ముందు ఆ మనిషిని అడగండి. జవాబు వచ్చేదాకా వేచి ఉండండి. మౌనం అంగీకారం కాదు. వద్దంటే ఆపకండి, తరువాత మళ్లీ అడగండి. మళ్లీ నడిపించే ముందు నోరు ఖాళీగా ఉందో లేదో అడగండి.' నిరపాయం అనే మాటను పత్రమంతటా వెతికి తీసివేశారు. అడగటానికి వీలుగా చెవి వెనుక అమరే చిన్న స్పీకరును సుహాసిని తయారుచేయించారు. కృత్రిమ కంఠం వద్ద ఎర్రదీపం వెలగలేదు. అది జవాబు చెప్పగల కంఠం కాదు గనుక, ఆమె స్వయంగా దాని పక్కన కూర్చొని దాని తరఫున జవాబులు చెప్పారు.

నిజమైన పరీక్ష దక్షిణామూర్తిగారి గొంతులో జరిగింది. మొదట ఆహారమేమీ లేకుండా, ఉమ్మి మాత్రమే మింగుతూ. ఆయన పరిశోధనశాలలో మంచం మీద ఆనుకొని కూర్చొన్నారు. ఒక పక్క శ్రీవాణి, కాళ్ల దగ్గర శేషాచలంగారు. గొంతులో అడ్డుపడినదాన్ని గొట్టంతో పీల్చివేసే యంత్రం సిద్ధంగా ఉన్నది. సుహాసిని తెర ముందు కూర్చొని ఏజెంటుకు దారి తెరిచారు.

కొంతసేపటికి చెవి వెనుక నుంచి చిన్న గొంతు, గదిలో అందరికీ వినిపించేలా, స్పష్టమైన తెలుగులో అడిగింది. ఒక సవరణ చేయవలసి ఉన్నదని, అందుకు మింగే ప్రోగ్రామును కొద్దిసేపు ఆపవచ్చునా అని.

"వద్దు," అన్నారు దక్షిణామూర్తిగారు.

ఏజెంటు ఆపలేదు. తెర మీద కండరాల రేఖలు మామూలుగా సాగాయి. సుహాసిని తల ఊపారు. పరీక్షలో అది కూడా భాగమే. కొంచెంసేపయ్యాక అది మళ్లీ అడిగింది.

"వద్దన్నానా."

మళ్లీ నిరీక్షణ. మళ్లీ అదే ప్రశ్న, అదే మర్యాదతో. ఈమారు ఆయన జవాబే చెప్పలేదు. గోడ మీది గడియారాన్ని చూస్తూ ఉండిపోయారు. ఏజెంటు ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోలేదు. వేచి ఉన్నది. ఆయన కావాలనే మరికొంతసేపు దానిని నిలబెట్టారు. ఏడాదిన్నరగా, ఆ తరువాత ఈ కాలమంతా, తన గొంతును గురించి ఎవరెవరో ఏవేవో నిర్ణయిస్తూ వచ్చారు. ఇప్పుడు ఒక యంత్రం గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చునా అని అడుగుతున్నది. ఆయన ముఖంలో కోపం ఉన్నది, గర్వం ఉన్నది, కొంత అల్లరి కూడా ఉన్నది. శేషాచలంగారు ఆ ముఖాన్ని చూడలేక తెర వైపు తిరిగారు. ఒక వేసవి ముందే ఈ ప్రశ్న అడగటానికి ఏమీ అడ్డం లేదు. ఒక వాక్యం ఉండవలసిన చోట ఉండి ఉంటే చాలు.

"ఊఁ. కానీ," అన్నారు దక్షిణామూర్తిగారు చివరికి.

రేఖలు నిలిచాయి. ఆయన కదలకుండా, నోరు కొద్దిగా తెరిచి, ముక్కుతో ఊపిరి తీస్తూ ఉన్నారు. సవరణ జరిగింది. నోరు ఖాళీగా ఉందా అని ఏజెంటు అడిగింది. ఉందన్నారు. రేఖలు కదిలాయి. ఆయన ఉమ్మి మింగారు. గొంతు పైకి లేచి దిగింది.

సుహాసిని ఇంకా కొన్ని సవరణలు చేయించి, తెర మీది రేఖలు సక్రమంగా ఉన్నాయని తేల్చారు. ఒక గిన్నెలో చిక్కపరచిన నీళ్లు, ఒక చెంచా తెప్పించారు. శ్రీవాణి చెంచా అందుకొన్నది. దక్షిణామూర్తిగారు తల అడ్డంగా ఊపారు.

"నువ్వు కాదమ్మా. బావగారిని పెట్టమను."

శ్రీవాణి మామగారి వైపు చూసి, చెంచా అందించింది. శేషాచలంగారు మంచం తలవైపుకు వచ్చారు. చెంచాను గిన్నెలో ముంచి పైకి తీశారు. సగం దూరం వెళ్లేసరికి చెంచా ఒరిగింది. నీళ్లు దుప్పటి మీద ఒలికాయి. రెండో చేత్తో మణికట్టును పట్టుకొని మళ్లీ ప్రయత్నించారు. దక్షిణామూర్తిగారు నోరు తెరిచి ఎదురుచూస్తున్నారు. ఆ తెరిచిన నోటిలో, నాలుక వెనుక, చీకటిగా ఉన్న దారి కనిపించింది. చెంచా అక్కడికి చేరలేదు.

"నా వల్ల కాదు బావగారూ," అన్నారు శేషాచలంగారు. ఆయన నోట అంత పొట్టి వాక్యం అంతకు ముందు ఎవరూ విని ఉండరు.

దక్షిణామూర్తిగారు నోరు మూసి ఆయనను చాలాసేపు చూశారు. ఆ చూపులో నింద ఉన్నదో, జాలి ఉన్నదో శేషాచలంగారు నిర్ణయించుకోలేకపోయారు. ఏదైనా తనకు తగినదే అనుకొన్నారు.

"సరే," అని, కూతురి వైపు తిరిగారు దక్షిణామూర్తిగారు.

శ్రీవాణి ఆయన చేతిలోంచి చెంచా తీసుకొన్నది. గిన్నెలో ముంచి, తండ్రి నోటికి అందించింది. అందరి కళ్లూ ఆ గొంతు మీదనే ఉన్నాయి. శేషాచలంగారు మాత్రం మంచం కోడును పట్టుకొని, దుప్పటి మీద ఒలికిన నీటి చుక్కలను చూస్తూ నిలబడ్డారు. మింగిన చప్పుడు వినిపించింది. తరువాత దగ్గు వస్తుందేమోనని సుహాసిని పీల్చే యంత్రం గొట్టం అందుకొన్నారు. దగ్గు రాలేదు.

"ఇంకోటి," అన్నారు దక్షిణామూర్తిగారు.

రెండో చెంచాకు కూడా శేషాచలంగారు తల ఎత్తలేదు.